ఆరు నెలల డబ్బు సరే, ముందు మొదటి పదిహేను వేల సంగతి రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక ఆదివారం సంచికలో ఇంటి ఖర్చుల మీద, అత్యవసర నిధి మీద వచ్చిన పేజీ శ్రద్ధగా చదివాను. ప్రతి కుటుంబం ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకోవాలని అందులో రాశారు. మంచి మాటే. ఆ పేజీ కత్తిరించి చేతిసంచిలో పెట్టుకుని మరుసటి రోజు వసూలుకు వెళ్లినప్పుడు మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న చెల్లికి చదివి వినిపించాను. ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. "నెలకు ఇరవై వేలంటే ఆరు నెలలకు లక్షా ఇరవై వేలక్కా. అన్ని దుడ్లు నేను ఒక్కసారిగా ఎప్పుడూ చూడలా" అంది. అని మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. అంతే, ఆ పేజీ తనకు సంబంధం లేనిదని తేల్చేసుకుంది. ఆమెలాంటి వాళ్ల కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. పోస్టాఫీసు ఆర్డీ ఏజెంటును. ఆర్డీ అంటే నెలనెలా ఇంతని అయిదేళ్లు కట్టే రికరింగ్ డిపాజిట్. 1972 నుంచి నడుస్తున్న మహిళా ప్రధాన క్షేత్రీయ పొదుపు పథకం కింద ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చే ఏజెన్సీ ఇది. ఇరవై రెండేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి వందలూ వేలూ వసూలు చేసి, జాబితా రాసి, పోస్టాఫీసులో కట్టి, పాసుపుస్తకాల్లో వేయించి తిరిగి ఇస్తున్నాను. నా చేత కట్టించిన ప్రతి వందకు నాలుగు రూపాయల కమిషన్ వస్తుంది. సేవింగ్స్ ఖాతాలో ఎవరైనా డబ్బు వేసుకుంటే నాకు పైసా రాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆర్డీ కట్టడానికి ముందే ఇంకో డబ్బు చేతికి అందేలా పెట్టుకోమని ఈ ఉత్తరంలో చెప్పబోతున్నాను. అలా చెప్పడం వల్ల నాకు లాభం లేదని మీ పాఠకులకు తెలియాలి.

నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఎవరైనా "ఈ నెల ఆర్డీ వద్దులేక్కా" అంటే, ఎందుకు వద్దన్నారో అందులో ఒక్క ముక్క రాసుకుంటాను. మొదట్లో నా వసూలు లెక్క కోసమే రాసేదాన్ని. ఆ తర్వాత అది మా వాడకట్టు ఇళ్ల కష్టాల చిట్టా అయింది. ఆటో క్లచ్ ప్లేట్లకు నాలుగున్నర వేలు. పిల్లవాడికి డెంగీ జ్వరం వస్తే రక్తపరీక్షలకు, గ్లూకోజుకు ఆరు వేలు. అత్త చనిపోతే కర్మకు పన్నెండు వేలు. ఇంటి ఓనరు అడ్వాన్సు పెంచితే అయిదు వేలు. కుట్టుమిషన్ మోటారు కాలిపోతే రెండు వేల రెండు వందలు. రెండు వారాలు పని లేక బియ్యానికి, పాలకు మూడు వేలు. ఈ చిట్టా తిరగేసినప్పుడల్లా నాకు కనిపించేది ఒకటే. ఇరవై వేలు దాటిన కష్టాలు అందులో ఏ కొన్నో. పెద్ద ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పెళ్లిళ్లకు నలుగురూ చెయ్యి వేస్తారు. అయిదు వేలకూ ఏడు వేలకూ మాత్రం ఆసరా ఎవరూ లేరు. చిన్న మొత్తమే కదా అని ఎవరో ఒకరి దగ్గర తీసుకుంటారు. ఆ తీసుకునే చోటే ఇల్లు దెబ్బ తింటుంది.

ఎట్లా దెబ్బ తింటుందో లెక్క చెబుతాను. మా వైపు రోజువారీ ఫైనాన్సు ఉంది. పది వేలు అడిగితే పదిహేను వందలు ముందే పట్టుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. చాలామంది దీన్ని "నూటికి పదిహేనే కదా" అనుకుంటారు. కానీ రోజూ అసలు తిరిగి కట్టేస్తూనే ఉన్నాం. సగటున మన చేతిలో ఉండేది నాలుగు వేల పైచిలుకే, అదీ మూడు నెలల పది రోజులు. దానికి పదిహేను వందలు కడుతున్నాం. అంటే నూటికి నెలకు పది రూపాయలు దాటిన వడ్డీ. బ్యాంకులో కమ్మలు కుదువ పెడితే నూటికి నెలకు ముప్పావలాకో కాస్త అటూ ఇటుగానో వస్తుంది. పది రూపాయలెక్కడ, ముప్పావలా ఎక్కడ! అయినా ఆ రోజు సాయంత్రం ఇంటి ముందుకు బండి మీద వచ్చి డబ్బు ఇచ్చేది ఫైనాన్సు మనిషే. బ్యాంకు మరుసటి రోజు పదింటికి గానీ తెరవరు. ఆ ఒక్క రాత్రి గడవడానికి చేతిలో ఏమీ లేకపోవడం వల్ల నూరు రోజుల పాటు రోజూ నూరు రూపాయలు పోతుంది. వడ్డీకాసులవాడని స్వామిని పిలుచుకునే ఊరు మాది. తీసుకున్న అప్పు ఎంత దూరం వెంట వస్తుందో ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు.

ఇది ఎవరికో జరిగిన కథలా చెప్పి తప్పుకోలేను. నాకూ జరిగింది. మా ఆయన కొండకు జీపు తోలేవారు. కరోనా వల్ల 2020 మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనాలు ఆగిపోయాయి. మళ్లీ మామూలు భక్తులను అనుమతించింది జూన్ 11న. దాదాపు ఎనభై రోజులు. తిరుపతి ఊరు ఊరంతా కొండ మీదికి వెళ్లే మనిషిని నమ్ముకుని బతుకుతుంది. జీపులు, ఆటోలు, లాడ్జీలు, టిఫిను బండ్లు, పూలు, బొమ్మలు, పసుపు కుంకుమ పొట్లాలు, లాడ్జీల దుప్పట్లు ఉతికేవాళ్లు, అందరిదీ ఒకటే దారి. ఆ దారి మూసుకుపోతే పక్కింట్లో చేబదులు అడుగుదామన్నా పక్కింట్లోనూ పొయ్యి అంతంత మాత్రమే. కష్టం ఒక్క ఇంటికి వస్తే వీధి ఆదుకుంటుంది, వీధి మొత్తానికి వస్తే ఎవరు ఆదుకోవాలి? ఆ నెలల్లో నాకు బాగా అర్థమైంది ఇదే.

అప్పటికి నా సొంత ఆర్డీ 31 నెలలు కట్టాను. నెలకు రెండు వేల చొప్పున 62 వేలు. ఊరందరి చేతా పొదుపు చేయించే దాన్ని, నా పేరున అరవై రెండు వేలు ఉన్నాయి, ఇంట్లో చూస్తే పదకొండు వందల రూపాయలు. ఆర్డీని మూడేళ్లు నిండకుండా మూయడానికి లేదు. సగం వరకు అప్పు తీసుకోవచ్చని నాకు తెలుసు. కానీ ఏప్రిల్‌లో మా వీధికి కట్టెలు కట్టేశారు, గడప దాటడానికి లేదు. అత్తగారికి చక్కెర జబ్బు, మాత్రలు అయిపోవచ్చాయి. ఇంటి బాడుగ రెండు నెలలు ఆగింది. వీధిలోనే ఉన్న ఒక వడ్డీ వ్యాపారి దగ్గర నా గొలుసు కుదువ పెట్టి, మూడు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చాం. నెలకు ఆరు వందలు. గొలుసు విడిపించుకునే సరికి పద్నాలుగు నెలలు పట్టింది, వడ్డీ కింద 8,400 పోయింది. నా దగ్గర లేనిది పొదుపు కాదు. నా దగ్గర లేనిది ఆ రోజుకు అందే పదిహేను వేలు. ఈ తేడా అన్నేళ్ల ఏజెంటు పనిలో ఆ రోజు వరకు నాకు తట్టలేదు. ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే అప్పటికే నేను ఎంతోమంది చేత చేతిలో ఉన్నదంతా ఆర్డీల్లోకి పెట్టించి ఉన్నాను.

అందుకే ఇప్పుడు ఎవరైనా కొత్తగా ఆర్డీ మొదలుపెడతానని వస్తే ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను. పోయినసారి అప్పు అడగాల్సి వచ్చింది ఎప్పుడు, ఎంతకు? అంతకు ముందుసారి ఎంతకు? అలా మూడు సందర్భాలు గుర్తు చేసుకోమంటాను. అందులో పెద్దది ఏదో అదే వాళ్ల ఇంటి మొదటి మొత్తం. ఒకరికి ఎనిమిది వేలు వస్తుంది, ఇంకొకరికి ఇరవై. ఎక్కువ మందికి పది, పదిహేను వేల మధ్యలో తేలుతోంది కాబట్టి పైన పదిహేను వేలని రాశాను. ఈ లెక్క అడిగితే ఎవరూ భయపడలేదు. వాళ్ల జీవితంలోంచి వచ్చిన అంకె కదా, చేతికి అందేలాగే కనిపిస్తుంది. ఆరు నెలల నిధి వద్దని నేను అనడం లేదు. ఈ మొదటి మెట్టు ఎక్కిన వాళ్లే ఆ రెండో మెట్టు వైపు చూస్తారు.

ఈ డబ్బుకు మా వాడకట్టులో ముడుపు డబ్బు అని పేరు పెట్టాను. ముడుపంటే మా ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆపద వస్తే పసుపు గుడ్డలో రూపాయి బిళ్లలు మూటగట్టి, ఆపద మొక్కుల వాడికి మొక్కుకుని, దేవుడి గూట్లో పెడతాం. పాలామెకు ఇవ్వడానికి చిల్లర లేకపోయినా ఆ ముడి విప్పం. అది ఫలానా దానికి అని నోటితో అనుకున్నాం కాబట్టి దాని జోలికి వెళ్లం. కష్టానికి దాచే డబ్బునూ అలాగే నోటితో అనుకుని పెట్టుకోవాలి. ఒక్కటే తేడా. స్వామి ముడుపు కొండ ఎక్కేదాకా విప్పకూడదు, ఈ ముడుపు కష్టం వచ్చిన రోజున విప్పి తీరాలి. జీవకోనలో ఒక పెద్దామె తొమ్మిది వేలు దాచుకుని, అది తగ్గిపోతుందని జ్వరంతో నాలుగు రోజులు డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. అలాంటి పొదుపు ఎవరూ చెయ్యొద్దు.

ఎక్కడ పెట్టాలంటే, రెండు చోట్ల. రెండు మూడు వేలు ఇంట్లో నోట్లుగానే ఉండాలి. ఆదివారం రాత్రి పదకొండింటికి పిల్లవాడికి ఆయాసం వస్తే ఆటో అతను, మందుల షాపు అతను వెంటనే అడుగుతారు, ఆ సమయానికి ఫోన్‌లో సిగ్నల్ లేకపోవచ్చు, సర్వరు పని చెయ్యకపోవచ్చు. సర్కారు ఆసుపత్రిలో వైద్యానికి డబ్బు తీసుకోరు, నిజమే. అయినా పోనూరానూ ఆటోలు, తోడున్నవాళ్ల తిండి, పనికి పోని రోజుల కూలి, ఇవన్నీ మన జేబులోంచే. మిగతా డబ్బు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. జీతం పడే ఖాతాలో వద్దు, ఫోన్‌పేకు కలిపిన ఖాతాలో అసలే వద్దు. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా 500 రూపాయలతో తెరవొచ్చు, 4 శాతం వడ్డీ ఇస్తారు. వడ్డీ తక్కువని కొందరు పెదవి విరుస్తారు. పదిహేను వేలకు ఏడాదికి ఆరు వందలు. ఇంకోచోట పెడితే మరో రెండు మూడు వందలు వస్తాయేమో. నేను గొలుసుకు కట్టిన 8,400 పక్కన ఆ తేడాను పెట్టి చూడండి.

ఇంట్లో ఎవరెవరికి తెలియాలి అన్నది నేను చాలాకాలం తప్పుగా ఆలోచించిన విషయం. మన ఆడవాళ్లకు పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, పట్టుచీర మడతలో దాచే అలవాటు తరతరాలుగా ఉంది. దాన్ని నేను తప్పు పట్టను, ఎన్నో ఇళ్లను నిలబెట్టింది ఆ డబ్బే. కానీ మంగళం వైపు ఒక ఇంట్లో ఏం జరిగిందో చూడండి. ఆమె దగ్గర పోపుల డబ్బాలో ఏడు వేలు ఉన్నాయి. అదే వారంలో ఆయన ఆటో రిపేరుకని రోజువారీ ఫైనాన్సులో పది వేలు తీసుకున్నాడు. ఆమెకు అప్పు సంగతి తెలియదు, ఆయనకు డబ్బాలో డబ్బు సంగతి తెలియదు. నలభై రోజులు కట్టాక విషయం బయటపడి ఇద్దరూ తగువు పడ్డారు. "చెప్పుంటే నేనియ్యనా" అని ఆమె, "ఉందని చెప్పుంటే నేనేంటికి తెస్తా" అని ఆయన. ఇద్దరి మాటా నిజమే. ఖాతా ఆమె పేరున ఉండనివ్వండి, ఎంత ఉందో ఇద్దరికీ తెలియనివ్వండి, తీసే ముందు ఒకరికొకరు చెప్పుకోండి అని నేను చెబుతున్నాను. తాగుడు అలవాటున్న ఇంట్లో మాత్రం ఇలా చెప్పను. అక్కడ ఆ తల్లి దాచుకోవడమే న్యాయం. అలాంటి ముగ్గురి పాసుపుస్తకాలు నా బీరువాలోనే ఉన్నాయి.

ఆర్డీ గురించి జనానికి తెలియని రెండు సంగతులు మీ పత్రిక పెద్ద అక్షరాల్లో వేస్తే చాలా మేలు. ఒకటి, ఆర్డీ ఒక నెల తప్పినంత మాత్రాన కొంప మునగదు. నూటికి రూపాయి జరిమానా. నెలకు వెయ్యి కట్టేవాళ్లు ఒక నెల ఆలస్యంగా కడితే పది రూపాయలు. ఈ సంగతి తెలియక మూడు రూపాయల వడ్డీకి తెచ్చి నా చేతిలో పెట్టిన వాళ్లున్నారు. నెలకు ముప్పై రూపాయలు వడ్డీ పోసి పది రూపాయల జరిమానా తప్పించుకున్నారన్న మాట. అడిగితే, "నువ్వు తలుపు దగ్గర నిలబడితే లేదని ఎట్ల చెప్పేదక్కా" అన్నారు. ఆ మాట నా గుండెల్లో గుచ్చుకుంది. అప్పటి నుంచి నేనే ముందు చెబుతున్నాను, ఈ నెల కష్టమైతే మానుకోండి, వచ్చే నెల కలిపి కడదామని. నాలుగు నెలలు తప్పితే మాత్రం ఖాతా ఆగిపోతుంది, అప్పుడైనా రెండు నెలల్లోపు బాకీలు కట్టి మళ్లీ నడిపించుకోవచ్చు.

రెండోది, పన్నెండు నెలలు కట్టాక ఖాతాలో ఉన్న దాంట్లో సగం వరకు పోస్టాఫీసే అప్పు ఇస్తుంది. వడ్డీ ఆర్డీ వడ్డీ మీద 2 శాతం ఎక్కువ. ఆర్డీకి 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం నడుస్తోంది కాబట్టి అప్పు ఏడాదికి 8.7 శాతం పడుతుంది. మన లెక్కలో నూటికి నెలకు ముప్పావలా కన్నా తక్కువే. అంతకన్నా తక్కువకు మా వాడకట్టులో ఎవరూ ఇవ్వరు. మూడేళ్లు దాటాక ఆర్డీ మధ్యలో మూసేస్తే మొత్తానికి సేవింగ్స్ వడ్డీ 4 శాతమే లెక్కగట్టి ఇస్తారు. నెలకు వెయ్యి చొప్పున అయిదేళ్లు నిండా కడితే అరవై వేలకు 71 వేల పైచిలుకు వస్తుంది. నాలుగో ఏట అయిదు వేల కోసం దాన్ని పగలగొట్టుకున్న వాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ముడుపు డబ్బు ఉండి ఉంటే ఆ ఆర్డీ నిలిచేది.

ఏది కష్టమో ఏది కాదో కూడా కాస్త మాట్లాడుకోవాలి. జూన్‌లో బడి తెరుస్తారని జనవరిలోనే తెలుసు. మే నెలలో గంగమ్మ జాతర వస్తుంది, చుట్టాలొస్తారు, పొంగళ్లు పెట్టుకోవాలి, ఆడబిడ్డకు చీర పెట్టాలి. ఇవి తెలిసిన ఖర్చులు. వీటికి ముడుపు విప్పితే అసలు కష్టం నాటికి చేతులు ఖాళీ. తిరుపతి ఇళ్లకు ఇంకో ఖర్చు ఉంది, మీ పేజీలో వేసిన ఇంటి బడ్జెట్ పట్టికలో అది కనిపించలేదు. స్వామి దర్శనానికి వచ్చే చుట్టాలు. మాకు దూరపు బంధువులు లేరు, కొండ ఇక్కడుంది కాబట్టి అందరూ దగ్గరివాళ్లే. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మధ్యలో పుట్టువెంట్రుకలు. వచ్చినవాళ్లకు కాఫీ, టిఫిను, అలిపిరి దాకా ఆటో, తిరిగి వెళ్లేటప్పుడు పిల్లల చేతిలో ఇరవయ్యో యాభయ్యో. వాళ్లు రావడం మాకు సంతోషమే, స్వామి దగ్గరికి వెళ్లే మనిషికి అన్నం పెట్టడం పుణ్యమని మా అత్తగారు చెప్పేది. కానీ ఆ సంతోషానికీ ఒక పద్దు ఉండాలి. నేను నెలకు ఎనిమిది వందలు చుట్టాల పద్దు కింద వేరే కవరులో పెడతాను. ఎవరూ రాని నెల అది అలాగే తర్వాతి నెలకు వెళుతుంది. ఈ పద్దు పెట్టినప్పటి నుంచి ఎవరైనా ఫోన్ చేసి "వస్తున్నాం వదినా" అంటే మనస్ఫూర్తిగా రమ్మనగలుగుతున్నాను.

మొదటి పదిహేను వేలు ఎక్కడి నుంచి వస్తాయని అడుగుతారు. మా వాళ్లు కడుపు కట్టుకునే బతుకుతున్నారు, ఇంకా తగ్గించుకోమని నేను చెప్పలేను. కొత్తగా మిగిలిన డబ్బు ఎక్కడుందో చూడమంటాను. చంద్రగిరి నుంచి రోజూ పూలు తెచ్చి అమ్మే ఒక అక్క ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేకుండా పోయింది. ఆమెకు రానూపోనూ యాభై మిగిలింది. "ఆ యాభై ఏమైంది అక్కా?" అని అడిగితే ఆలోచించి, "ఏమైందో నాకే తెలీదమ్మే" అంది. మిగిలిన డబ్బు ఖర్చుల్లో కలిసిపోయింది. మరుసటి రోజు నుంచి బస్సు దిగగానే, టికెట్ కొన్నట్టే యాభై తీసి, మూత కోసిన పౌడరు డబ్బాలో వెయ్యమన్నాను. నెలాఖరుకు నేనే తీసుకెళ్లి ఆమె ఖాతాలో వేస్తాను. దీపం పథకంలో సిలిండరుకు ముందు కట్టిన డబ్బు తర్వాత ఖాతాలో పడితే అదీ అంతే. ఒకసారి ఇంట్లోంచి పోయిన డబ్బు కదా, తిరిగి వచ్చినప్పుడు నేరుగా ముడుపులోకి వెళ్లనివ్వండి.

ఇంకోటి ఫోన్‌తో చెల్లింపులు. నోటు తీసి ఇచ్చేటప్పుడు మనసు ఒకసారి ఆగుతుంది, ఫోన్ చూపించేటప్పుడు ఆగదు. మా అమ్మాయి నా ఫోన్‌లో యూపీఐ లైట్ అనేది పెట్టింది. ప్రతి సోమవారం పన్నెండు వందలు అందులో వేసుకుంటాను. కూరగాయలు, పెరుగు, ఆటో, అన్నీ దాంట్లోంచే. శుక్రవారానికే అయిపోతే ఆ వారం ఎక్కడో చెయ్యి జారిందని నాకు తెలుస్తుంది. నెలాఖరు దాకా ఆగి ఏడవక్కర్లేదు.

ఇంటి చీటీల గురించి క్లుప్తంగా చెబుతాను. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ వేరు, పక్కింటి ఆమె నోటి మాట మీద నడిపేది వేరు. ఎంత మంచి చీటీ అయినా అది ముడుపు డబ్బు కాదు, పాట నెలకు ఒక్కసారే, మొదట్లో పాడుకుంటే తోపుడు, అంటే పాటలో వదులుకునే డబ్బు, ఎక్కువ పోతుంది. ఫోన్‌లో నిమిషంలో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి వెళ్లకండి. ఫోన్‌లోని మన వాళ్ల నంబర్లు అప్పు యాప్‌లు తీసుకోకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అయినా మా ఖాతాదారు కొడుకు అయిదు వేలు తీసుకుంటే వాళ్ల మేనమామకు ఫోన్ చేసి తిట్టారు. అలాంటి మోసం జరిగితే 1930కి ఫోన్ చెయ్యాలి.

డ్వాక్రా సంఘాలకు ఒక విన్నపం. సంఘం పొదుపులోంచి అప్పు రూపాయి వడ్డీకే దొరుకుతుంది, అది మన ఆడవాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి నిలబెట్టుకున్న ఆస్తి. కానీ అప్పు కావాలంటే సమావేశం దాకా ఆగాలి. ప్రతి సంఘం పది వేలు ఆపద పద్దు కింద విడిగా పెట్టి, ఇద్దరు లీడర్లు ఫోన్‌లో ఒప్పుకుంటే అదే రోజు రెండు మూడు వేలు ఇచ్చేలా తీర్మానం రాసుకుంటే ఎంతమంది రోజువారీ ఫైనాన్సు గడప తొక్కకుండా ఉంటారో! 2021 నవంబరు వరదలప్పుడు మా వైపు పల్లపు ఇళ్లలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. బియ్యం తడిసింది, ఫ్రిజ్‌లు పాడయ్యాయి. నీళ్లు తగ్గిన మరుసటి రోజే ఫైనాన్సు మనుషులు బురదలో నడుచుకుంటూ వచ్చారు. వాళ్ల కంటే ముందు సంఘం వెళ్లి ఉండాల్సింది.

సంపాదకులు గారూ, మీరు ఇంటి బడ్జెట్ మీద మళ్లీ పేజీ వేసినప్పుడు దయచేసి ఆరు నెలల నిధికి పైన ఈ మొదటి మొత్తానికి చోటు ఇవ్వండి. పోయిన మూడుసార్లు ఎంత అప్పు అడిగారో రాసుకోవడానికి మూడు ఖాళీ గీతలు వెయ్యండి. పాఠకులే నింపుకుంటారు. ఆర్డీ మీద అప్పు సంగతి, జరిమానా సంగతి ఒక చిన్న పెట్టెలో వెయ్యండి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా, 436 రూపాయలు కట్టే జీవిత బీమా బ్యాంకులోనూ పోస్టాఫీసులోనూ ఉన్నాయని, ఒక్కోదానికి రెండు లక్షలు వస్తాయని కూడా అందులోనే రెండు ముక్కలు రాయండి.

ఇస్త్రీ బండి చెల్లి తన మూడు గీతలూ నింపింది. నాలుగు వేలు, తొమ్మిది వేలు, రెండున్నర వేలు. తొమ్మిది వేలు తన లక్ష్యమని తనే చెప్పింది, పోయిన నెల ఖాతా తెరిపించాను. పూల అక్క సంక్రాంతి నాటికి అయిదు వేలు దాటింది. తర్వాత మనవరాలికి జ్వరమొస్తే పద్దెనిమిది వందలు తీసింది. తీసిన రోజు ఆమె గొంతులో బెరుకు, "తగ్గిపాయ గదమ్మే" అంది. అందుకే కదక్కా పెట్టింది అన్నాను. సోమవారం పొద్దున ఆమె బుట్ట దించుకున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. మూర కొలవకముందే కొంగు ముడి విప్పి యాభై నోటు తీసి డబ్బాలో వేసింది.

ఇట్లు,
ఒక పోస్టాఫీసు ఆర్డీ ఏజెంటు,
కొర్లగుంట, తిరుపతి.